ఆ పొగ మిరపకాయలదే

“విషవాయువూ లేదు, పాడూ లేదు. అది మిరపకాయ పొగమ్మా,” అన్నాడు లక్ష్మీనరసింహం, కూతురి ల్యాప్‌టాప్ వంక ఒక్కసారి చూసి.

తెర మీద జనం ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. వెనక గోడౌన్ కాలుతోంది. సముద్రం అవతలి దేశంలో, మూడు వారాల క్రితం, యుద్ధ విమానాలు బాంబులు వేసిన చోటు అది. మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీలు పంతొమ్మిది మంది పోయారని ఊరివాళ్లు. కాదు, రసాయన ఆయుధాల కొట్టు, పోయినవాళ్లంతా ఉగ్రవాదులే అని సైన్యం. ఆ దగ్గే సాక్ష్యమట! గుంటూరులో పుట్టినవాళ్లు వింటే నవ్విపోతారు.

ఇలాంటి తగాదాల్లో నిజం తేల్చడమే అఖిల ఉద్యోగం. ఒక విదేశీ సంస్థకు ఇంటి నుంచే పనిచేస్తుంది. చనిపోయినవాళ్లు కూలీలని రుజువు చేయలేకపోతే, వాళ్ల పిల్లలకు ఉగ్రవాదుల పిల్లలన్న పేరే మిగులుతుంది. అది తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

నాన్న నలభై ఏళ్లుగా మిర్చి వ్యాపారి. అంతకు మించిన సాక్షి ఎవరు?

“ఒకసారి వెళ్లొచ్చాలే ఆ ఊరు. పోయినేడాది దాకా అక్కడికి మన సరుకే పోయేది, ఈ గోడౌనోళ్లు దిగిందాకా. కూలీలు వెనకాల షెడ్డులో కూర్చుంటారు.” తెర వంక మళ్లీ చూశాడు. “పంతొమ్మిది మందా?”

“అవును నాన్నా.”

మర్నాడు పెరట్లో మూకుడు పెట్టి అరకిలో ఎండుమిర్చి మాడ్చారు. అఖిల వీడియో తీసింది.

“ఏందమ్మా అఖిలా, వీధి వీధంతా చంపుతారా ఏంది!” అని గోడ మీంచి అరిచిన పక్కింటి రసూల్‌బీ, అరుపు పూర్తికాకుండానే దగ్గింది. అచ్చం ఆ వీడియోలో దగ్గే.

పొగ పోయి అరగంటయినా నాన్న కళ్లలో నీళ్లు ఆగలేదు.

“నలభై ఏళ్లు మిర్చి యార్డులో తిరిగి కూడా అలవాటు కాలేదా?” అని అఖిల ఆటపట్టించింది.

ఆయన నవ్వలేదు. “అన్నీ రాయి తల్లీ. నా పేరు మాత్రం ఎక్కడా రాయకు.”

వ్యాపారం దెబ్బతింటుందని భయం కాబోలు అనుకుంది. పేరు రాయలేదు.

నివేదిక బయటికొచ్చిన పది రోజులకు సైన్యం దిగొచ్చింది. చనిపోయింది కూలీలేనని ఒప్పుకుంది. తప్పు మాత్రం తమది కాదంటూ, దాడికి ముందు ‘నమ్మకస్తుడైన వ్యాపారి’ ఒకరు రాసిన ఉత్తరాన్ని బయటపెట్టింది.

‘ఆ గోడౌన్‌లో ఒకటే ఘాటు. చుట్టుపక్కల జనం దగ్గుతున్నారు. లోపల రసాయనాలు దాచారు. వెంటనే మూయించండి.’

అఖిలకు రక్తం మరిగింది. ఎవడీ ద్రోహి?

“నాన్నా, ఇలా రా! వాడెవడో నువ్వయితే గుర్తుపడతావు,” అని పక్క గదిలోకి కేకేసింది.

ఉత్తరాన్ని తెర మీద పెద్దది చేసింది. పేరు మీద నల్లరంగు పూశారు. సంతకం మీద పూయడం మరిచిపోయారు.

బళ్లో చదివే రోజుల్లో తన ప్రోగ్రెస్ కార్డు మీద ప్రతి నెలా చూసిన సంతకమే అది.