అడవి ఇచ్చిన తిథి

“ఈ ఏడు కాకి ముట్టదేమో అన్నయ్యా,” అంది తారామణి, గారెలకి పప్పు రుబ్బుతూ.

నరసింహమూర్తి పేపరు దించలేదు. “ఏటా ఇదే మాట. ఏటా ముడుతూనే ఉంది.”

“ఎంతసేపటికని? పోయినేడు గోడ మీద కూర్చుని పిండాల వంక చూసి చూసి ఎగిరిపోయింది. మళ్లీ వచ్చేదాకా నా ప్రాణం నాది కాదు. పిల్లాణ్ణి అడవి చదువుకి పంపానని మీ బావకి కోపంగా ఉందేమో.”

“నువ్వు పంపావా? సీటు తెచ్చుకుని వాడే వెళ్లాడు.”

ఆవిడ భర్త విశ్వనాథం నల్లమలలో ఫారెస్టు గార్డు. కొడుకు మురళీధర్‌కి ఆరేళ్లప్పుడు గస్తీకని వెళ్లినవాడు తిరిగి రాలేదు. వాగు ఒడ్డున కండువా దొరికింది. చుట్టూ పులి అడుగులు. మనిషి మాత్రం దొరకలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూశాక పెద్దలు దర్భలతో మనిషి బొమ్మ కట్టించి దానికే దహనం జరిపించారు. ఆ రోజే తారామణి బొట్టు తుడిచేసుకుంది, గాజులు తీసేసింది. ఆయన ఏనాడు పోయాడో తెలియదు గనక, ఇల్లు విడిచి అడవిలోకి వెళ్లిన రోజే తిథి అయింది. అప్పట్నుంచీ తల్లీకొడుకులది నాచారంలో అన్నగారి పంచనే బతుకు.

అలాంటిది, ఉస్మానియాలో బీయస్సీ అవగానే కోయంబత్తూరు వెళ్లి రేంజరు చదువు చదువుతానన్నాడు వాడు. ఆవిడ అన్నం మానేసి పడుకుంది. “పులుల వెంట తిరిగే చదువు కాదమ్మా. చెట్టు ఎంత పెరిగింది, ఎంత కొట్టొచ్చు, కొట్టినచోట మళ్లీ ఏం నాటాలి, ఇవి కొలిచి చెప్పే చదువు. నాన్న గార్డు, నేను రేంజరునవుతాను,” అని తలగడ పక్కన కూర్చుని బతిమాలితే చివరికి లేచింది. లేచిందే గాని, అడవి అన్న మాట వింటే ఇప్పటికీ గుండె జారిపోతుంది.

ఆ చదువులో భాగంగా అడవులు తిప్పుతారట. ఆ యాత్ర ముగించుకుని మురళీధర్ నిన్న నేరుగా ఇంటికొచ్చాడు. వచ్చినప్పట్నుంచీ మాటా పలుకూ లేదు. తెల్లారే స్నానం చేసి, తడిపంచెతో బావి గట్టు మీద కూర్చున్నాడు.

ఇంటి ఓనరు బసవరాజు అరిటాకులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. “అక్కా, పిలగాడేంది గట్ల కూసున్నడు? పానం బాగలేదా?”

“అదే నా భయం బసవరాజూ. అడవి జ్వరం పైకి కనపడదట, లోపలే కాస్తుందట.”

“జ్వరం లేదు, గిరం లేదు. పొద్దుగాల్నే, తానం జెయ్యకముందే చెయ్యి పట్టి సూసిన, సల్లగున్నది. రేంజర్ సాబ్ అయినంక మా పొయ్యిలకు కట్టెలు నువ్వే పంపాలె అన్న. జర నవ్వలే. పట్నం పోరడు కదా, అడివిని సూసి బుగులు పడ్డడు. ఫికర్ జెయ్యకు.”

తారామణి చెయ్యి కడుక్కుని బావి దగ్గరికి వెళ్లింది. మడి గనక ముట్టుకోకుండా, కాస్త దూరంగా నిలబడింది.

“ఏం చూశావు నాన్నా అక్కడ?”

“టేకు తోటలు. వెదురు నరికేచోట్లు. ఒక కలప డిపో.”

“తిండికేం చేశారు?”

“డిపోలో లెక్కలు చూసే ఆయన నా పేరూ, నాన్న పేరూ అడిగి ఇంటికి పిలిచి అన్నం పెట్టాడు. తెలుగువాళ్లే. వాళ్లావిడ కొసరి కొసరి వడ్డించింది.”

“ఏ తల్లి కన్న బిడ్డో. పసుపు కుంకుమలతో నూరేళ్లు చల్లగా ఉండాలి,” అని ఆవిడ రెండు చేతులూ జోడించింది.

మురళీధర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇంతలో పురోహితుడు సైకిలు దిగాడు. ఉప్పల్లో ఇంకో తద్దినం ఉందని వస్తూనే తొందరపెట్టి, పీటలు వేయించి దర్భ ఉంగరం అల్లాడు.

“రా బాబూ, వేలికి పెట్టుకో.”

మురళీధర్ వచ్చి పీట ముందు నిలబడ్డాడు. కూర్చోలేదు, చెయ్యి చాచలేదు.

“ఏరా, నిన్నే,” అన్నాడు నరసింహమూర్తి. “అడవి చదువు చదివితే ఆచారం కూడా నరికేస్తారా? కన్నతండ్రికి ఏడాదికో ముద్ద. అదీ బరువేనా?”

“వాణ్ణేమీ అనకు అన్నయ్యా, బెదిరిపోయాడు.” తారామణి అడ్డొచ్చింది. “నాన్నా, ఆ చదువు మనకొద్దు. మామయ్య ఇక్కడే ఏదో ఫ్యాక్టరీలో గుమాస్తా పని చూస్తాడు. కళ్లెదుట ఉంటావు.”

“చదువు మాననమ్మా.”

“పోనీ మానకు. ఇది మాత్రం కానివ్వు. నీ చేతి ముద్ద అందకపోతే ఆయన ఆ అడవిలోనే ఆకలితో తిరుగుతుంటాడురా. నేను ఒంటిపూట తింటూ, శుభకార్యాల్లో ఎవరికీ ఎదురుపడకుండా బతికింది, ఆయనకి ఆ పైలోకంలోనైనా సుఖముండాలనే కదా.”

పురోహితుడు ఎండకేసి చూసి, దర్భలు మళ్లీ సర్దాడు. వంటింట్లో నూనె మాడుతున్న వాసన వస్తున్నా తారామణి కదల్లేదు.

“ఏమైందో చెప్పరా. నా మీద ఒట్టు.”

మురళీధర్ తల్లి బోసి నుదుటి వంక, బోసి చేతుల వంక చాలాసేపు చూశాడు. చూపు దించుకున్నాడు.

“బతికున్నవాడికి పిండం పెట్టలేనమ్మా.”