వెనక గది మనిషి

కోరుట్లలో బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండకు గల్లీలో ఒక్క మనిషి లేడు. మహిపాల్ తలకు తువ్వాల చుట్టుకుని, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచితో తన ఇంటి తలుపు కొట్టాడు.

తలుపు తీసిన భార్య రేణుక అరవలేదు, ఏడవలేదు. మొదట అతని పాదాల వంక చూసింది. తర్వాత ముఖం తడిమింది, చేతులు తడిమింది. గడపలోనే కూలబడింది.

అక్కడినుంచే ఒక్క మాట అడిగింది.

"నిన్ను ఎవలన్న చూసిండ్రా?"

"లేదు."

"ఐతే లోపల్కి రా."

తలుపుకు గొళ్లెం పెట్టింది.

ఇల్లు మారిపోయింది. బీడీలు చుట్టే చాట లేదు, తునికాకు కట్టలు లేవు. కూతురు గీత తల్లంత ఎత్తు ఎదిగింది. తండ్రిని చూసి గోడకు అతుక్కుపోయి, చాలాసేపటికి గాని దగ్గరికి రాలేదు.

మహిపాల్ తన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. తోట పని అని గల్ఫ్‌కు తీసుకుపోయి ఎడారిలో మేకల వెంట తోలారు. సేటు పాస్‌పోర్టు గుంజుకున్నాడు. జీతం అడిగితే కొట్టాడు. ఒకరోజు కట్టుబట్టలతో పారిపోయాడు. కాగితాలు లేని మనిషిని పనిలో పెట్టుకున్నవాళ్లు తిండి పెట్టారు గాని ఫోను ముట్టనివ్వలేదు. ఆఖరికి పోలీసులకు దొరికాడు. జైల్లో ఉంచి, పాస్‌పోర్టుకు బదులు ఔట్‌పాస్ అనే కాగితం చేతికిచ్చి విమానం ఎక్కించారు.

రేణుక చెప్పవలసిందే ఎక్కువ ఉంది. ఆ సాయంత్రం గొంతు తగ్గించి అంతా చెప్పింది. వింటున్నంతసేపూ మహిపాల్ తన రెండు చేతులనే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఆమెకు ఇప్పుడు పిల్లల హాస్టల్‌లో వంట పని. నెల కాగానే జీతం. గీత కాలేజీ చదువు కూడా ఆ నౌకరి ఇచ్చినవాళ్లే చూసుకుంటున్నారు.

"నువ్వు లేవనే ఇచ్చిండ్రు గీ నౌకరి," అంది చివరికి. "నువ్వు కనవడితె పోతది. పోరి చదువు పోతది. మళ్ల బీడీలే. గవ్విటికి సుత ఆకు సరిగ వస్తలేదు."

అలా మహిపాల్ వెనక గదిలోకి చేరాడు.

పైన రేకులు. కిటికీ లేదు. రేణుక పనికి పోతూ బయట తాళం వేసుకుపోయేది. అతనికి దగ్గు వస్తే గీత టీవీ గొంతు పెంచేది. పక్కింటి బాలవ్వ చింతపండుకని వచ్చి మాటల్లో పడితే, ఆమె లేచి పోయేదాకా మహిపాల్ కదలకుండా కూర్చునేవాడు. ఎడారిలో కనీసం ఆకాశమైనా ఉండేదని ఒకసారి అన్నాడు. రేణుక అతని కంచంలో ఇంకో ముద్ద అన్నం పెట్టింది.

సిరిసిల్ల పోయి సాంచాల మీద బట్ట నేస్తానన్నాడు. అక్కడ మేనమామ కొడుకులే ఉన్నారని గుర్తు చేసింది. భీవండి పోతానన్నాడు. అక్కడ సగం మంది మనవాళ్లేనంది. పోనీ కన్నతల్లి, ఒక్క అవ్వకైనా చెబుదామన్నాడు.

"అత్త నోట్ల నువ్వు గింజ నానదు. సంబురం ఆగక ఊరంత తిరిగి చెప్తది," అంది రేణుక. అన్నాక చాలాసేపు ఏడ్చింది.

ఒక ఆదివారం ఇంట్లో భోజనాలు పెట్టవలసి వచ్చింది. తప్పించాలని రేణుక ఎన్నో సాకులు చెప్పింది. చుట్టాలు ఊరుకోలేదు. బీర్పూర్ నుంచి మహిపాల్ తల్లి బుచ్చవ్వ షేర్ ఆటోలో అందరికంటే ముందే దిగింది.

వెనక గదికి తాళం పడింది. తలుపు అవతల మనుషుల సందడి, గిన్నెల చప్పుడు. మహిపాల్ ఒక్కొక్క గొంతునూ గుర్తు పట్టాడు. అందరికంటే నీరసంగా ఉన్న గొంతు తల్లిది.

కాసేపు నడుము వాలుస్తాను, ఆ గది తెరవమంది బుచ్చవ్వ. లోపల బియ్యం బస్తాలున్నాయని రేణుక చెప్పింది. ముసలమ్మ అక్కడే తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. ఇవతల మహిపాల్ కూడా అదే తలుపుకు వీపు ఆనించాడు. మధ్యన ఒక చెక్క.

"మీ బాపు పొయ్యేనాడు సర్వపిండి చేసి కట్టిచ్చిన బిడ్డా," మనవరాలితో అంటోంది బుచ్చవ్వ. "తిన్నడో, పారేసిండో. ఫోన్ల అడుగుదామనుకున్న. అడుగనే లేదు."

"బాపమ్మా, లే, తిందాం పా," అంది గీత కంగారుగా.

"కలల కూడ వస్తలేడు. అవ్వ మీద కోపమేమో."

మహిపాల్ నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. లాభం లేకపోయింది.

"అవ్వా," అన్నాడు.

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. బుచ్చవ్వ తలుపుకు చెవి ఆనించిన అలికిడి వినిపించింది.

"కొడుకా, నువ్వేనా?"

"నేనే అవ్వా."

రేణుక అత్త చెయ్యి పట్టుకుని లేపబోయింది. ముసలమ్మ విడిపించుకుని తనే లేచింది. ఆ అడుగులు దూరం పోవడం మహిపాల్‌కు వినిపించింది. తాళం చెవికే పోయిందనుకున్నాడు. పోతే పోనీ, నౌకరి పోనీ, ఏదైనా పోనీ. కళ్లు తుడుచుకుని నిలబడ్డాడు. అడుగులు మళ్లీ తలుపు దగ్గరికి వచ్చి ఆగాయి.

గల్ఫ్ నుంచి మహిపాల్ పాస్‌పోర్టుతో పెట్టెలో వచ్చిన, ముఖం గుర్తు పట్టరాని ఎవరి శవాన్నో కొడుకే అనుకుని ఏడాది కింద చితికెక్కించిన ఆ తల్లి, సంవత్సరీకానికి వడ్డించిన విస్తరిని తెచ్చి తలుపు ముందు పెట్టి, "తిను కొడుకా, తిని ఇగ గీ ఇల్లు ఇడిసి పో," అని రెండు చేతులూ జోడించింది.