బుచ్చన్న మెడికల్

"ఆ గోలీ నేనెయ్య," అన్నాడు బుచ్చన్న.

రాము చెయ్యి అలాగే చాచి ఉంచాడు. అరచేతిలో బీపీ మాత్ర ఉంది. సౌదీలోని యాన్బులో కంపెనీ మనుషులకు మెడికల్ చేసే క్లినిక్ అది. వరండాలో ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు.

"గంటల దిగుతది కాకా. పోయిన నెల క్యాంపుల సూస్తె నూట అరవై ఉండె. ఇప్పుడు గూడ అంతే ఉంటె?"

"అంతే ఉంటె అంతే రాయని."

"రాస్తె ఇంటికి పంపుతరు."

అది నిజమే. అరవై దాటినవాళ్ళకు ఆ కంపెనీ ఏటా మెడికల్ చేయిస్తుంది. ఫిట్ అని వస్తేనే కాంట్రాక్టు పొడిగిస్తుంది. బుచ్చన్నకు అరవై రెండు. పైపులు బిగించే పని. ఆయనదీ రాముదీ జగిత్యాల పక్కన ఒకే ఊరు, క్యాంపులో ఒకే గది. నెల రోజులుగా బుచ్చన్న పచ్చడి మానేశాడు. డ్యూటీ దిగాక క్యాంపు గోడ వెంబడి ఆరు చుట్లు నడుస్తున్నాడు. కానీ రాము తెచ్చిన జుట్టు రంగు ముట్టలేదు. కళ్ళ పరీక్ష బోర్డు మీది అక్షరాలు రాము కాగితం మీద రాసిస్తే చింపేశాడు.

"పాస్ గావాలె అంటవు. సాయం జేస్తె వద్దంటవు."

"దొంగ పాస్ నాకెందుకురా."

"అయితె ఫెయిలై ఇంటికి పో. కోడలు ఇంత వండి పెడుతది, తిని మూలకు పండు. ఈ వయసుకు ఇంకేం గావాలె?"

"మంచిది. నా మంచం నువ్వు ముందే ఏసి పెట్టినవ్."

లోపలి నుంచి పేరు పిలిచారు.

డాక్టర్ తరన్నుమ్‌ది హైదరాబాద్. ఫారం నింపుతూ ఇంట్లో ఎవరెవరు ఉన్నారని అడిగింది. భార్య పోయి ఆరేళ్ళయిందని, కొడుకూ కోడలూ ఊళ్ళో ఉన్నారని బుచ్చన్న చెప్పాడు. బీపీ నూట ముప్పై ఎనిమిది, ఎనభై నాలుగు. కళ్ళజోడు పెట్టుకుని బోర్డు కింది వరుస దాకా చదివాడు.

"ఫిట్, చాచా. వెళ్ళొచ్చు."

బుచ్చన్న లేవలేదు.

"ఈసీజీ తియ్యలే మేడమ్."

"కంపెనీ ఫారంలో అది లేదు."

"లేకున్న తియ్యిండ్రి. షుగరు గూడ, మూడు నెలలది. కిడ్నీలు సూడుండ్రి."

"ఎక్కడైనా నొప్పి ఉందా?"

"లేదు. లేదని మీరు రాసియ్యాలె."

తలుపు దగ్గర నిలబడ్డ రాము ఉండబట్టలేకపోయాడు. "మేడమ్, వదిలెయ్యిండ్రి. పాసైనోడు మల్ల పరీక్ష రాసుడు యాడనన్న ఉంటదా?"

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. "ఏదైనా తేడా బయటపడితే నేను ఫిట్ రాయలేను చాచా. ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే వచ్చిన."

నెత్తురు తీశారు. ఈసీజీ తీశారు. తర్వాత బుచ్చన్న, మోకాళ్ళు కూడా చూడమన్నాడు. చూడమని ఆగలేదు. కుర్చీ పట్టుకోకుండా నేల మీద గొంతుకూర్చుని లేచాడు. అలా పదిసార్లు. ఎనిమిదోసారి ఎడమ మోకాలు చప్పుడు చేసింది.

"చప్పుడైంది. అది గూడ రాయిండ్రి," అన్నాడు.

రిపోర్టులకు మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఆయన వరండా కుర్చీలోంచి కదలలేదు. రాము తెచ్చిన టీ పక్కనే చల్లారిపోయింది.

ఈసీజీలో తేడా లేదు. కిడ్నీలు బాగున్నాయి. షుగర్ దగ్గర డాక్టర్ ఆగింది. బుచ్చన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"అయిదు పాయింట్ ఎనిమిది. జబ్బు కాదు, అంచు మీద ఉన్నారు. తీపి తగ్గించాలి."

"తగ్గిస్త. తగ్గిస్తనన్నడని రాయిండ్రి."

"అది నేనెలా రాస్తాను?"

"మీరు రాస్తెనే నమ్ముతరు."

డాక్టర్ ఆయన వంక చూసింది. రాసింది. ప్రతి కాగితం మీద స్టాంపు వేసింది.

పికప్‌లో కూర్చున్నాక బుచ్చన్న కాగితాలను ఒళ్ళో పరిచి, ఒక్కొక్కదాన్నీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. మోకాలు చప్పుడు రాసిన కాగితం మసకగా వచ్చిందని మళ్ళీ తీశాడు.

"ఆఫీసుకేనా?" అన్నాడు రాము.

"ఆఫీసుకు రేపు ఇస్త."

"ఇగ ఏడాది దాంక నీకు ఢోకా లేదు కాకా."

"ఈ కాయిదం అందుకు గాదు. రేపు ఖురూజ్‌కు రాసిస్త."

ఖురూజ్ అంటే ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోవడం. రాము అప్పుడే స్టార్ట్ చేసిన బండిని ఆపేశాడు.

"ఫెయిలైనోడు పోతడు ఖురూజ్. పాసైనోడు పోవుడేంది?"

"పాసైనోడే పోవాలె."

"నీకు బీపీ గాదు, ఇంకేదో ఉన్నది. మల్ల లోపటికి పోదాం పా."

బుచ్చన్న ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాడు. బండి కదలనివ్వలేదు. ఇరవై నిమిషాలకు వాయిస్ మెసేజ్ వచ్చింది. నొక్కాడు. ఆడమనిషి గొంతు. అది ఎవరిదో రాముకు తెలుసు. ఊళ్ళో వాళ్ళ వాడకట్టులో బీడీలు చేసే ముత్తవ్వది.

"ఫోటోలు వచ్చినయి, మన ఊరి డాక్టరుతోని సదివిపిచ్చిన, అన్ని మంచిగనే ఉన్నయన్నడు, ఇగ రా. తప్పు వట్టకు, మొదటాయనకు ఏడేండ్లు మంచంలనే అన్ని జేసిన, ఈసారి కాయిదం సూడంది పుస్తె కట్టిచ్చుకోవద్దనుకున్న."