కింది ఇంటావిడ

"మీ ఆయన నిద్రలో గురక పెడతాడా?"

మెట్ల మీద ఆపి, పరిచయమైనా లేని మనిషి ఇలా అడిగేసరికి హైయాన్‌కు ఒళ్లు మండింది.

ఆవిడ పేరు యూజెన్. యాభై దాటి ఉంటాయి. కింది ఇంట్లోకి కొత్తగా వచ్చింది. టోక్యో పక్కన కావాగుచిలోని ఆ భవనంలో సగం మంది చైనా వాళ్లే. యాసను బట్టి యూజెన్ తమ హార్బిన్ వైపు మనిషేనని హైయాన్ పోల్చుకుంది.

ఆ తర్వాత ఎప్పుడు ఎదురైనా ఇలాంటి ప్రశ్నలే. పెళ్లికి ముందు ఎక్కడ కలిశారు, అత్తగారి పేరేమిటి, చెత్త బయట పెట్టేది ఎవరు. ఒకరోజు పులియబెట్టిన క్యాబేజీ కుడుములు పట్టుకొచ్చింది. గిన్నె అందిస్తూనే చెప్పుల అర వైపు చూసింది.

"మగాడి బూట్లు కనబడవేం చెల్లీ?"

"ఒసాకాలో పని. నెలకోసారి వస్తాడు. అయినా మీకెందుకు?"

"వచ్చినప్పుడు ఇంట్లో కూర్చోకండి. నలుగురి కంటా పడేలా బజారుకు వెళ్లండి."

భర్త లిజున్‌కు ఫోన్‌లో యూజెన్ సంగతి చెబితే అతని గొంతు మారింది. ఆవిడ వీసా ఆఫీసుకు చాడీలు మోసే రకమనీ, ఇంకోసారి తలుపు తీయవద్దనీ చెప్పాడు.

హైయాన్ నమ్మింది. జపాన్‌లో శాశ్వత నివాసం ఉన్నది లిజున్‌కు. అతని భార్య కాబట్టే ఆమెకు ఇక్కడ చోటు. హార్బిన్‌లో సొంత క్షౌరశాల మూసేసుకుని మరీ అతని వెంట వచ్చింది. వీసా పొడిగించుకునే సమయం దగ్గరపడుతోంది.

అంతలో వీసా ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఆమెది పేరుకే కాపురమని ఎవరో చెప్పారట.

హైయాన్ నేరుగా కిందికి దిగి యూజెన్ తలుపు బాదింది.

"కుడుములు పెట్టి నా సంసారం ఆరా తీశావు. వెళ్లి వీసా ఆఫీసులో చాడీలు చెప్పి వచ్చావు. నీకెలాగూ మొగుడు లేడు, ఇంకొకతె కాపురం చేసుకుంటుంటే చూడలేకపోయావు."

యూజెన్ ముఖం పాలిపోయింది.

"అక్కడా ఇవే అడుగుతారు చెల్లీ," అంది నెమ్మదిగా. "నన్ను కసిరినట్టు వాళ్లను కసరకు."

హైయాన్ ఆ గుమ్మం ముందు ఉమ్మేసి వచ్చేసింది.

వీసా ఆఫీసులో నిజంగానే అవే ప్రశ్నలు వేశారు. గురక సంగతి కూడా. ఒక్కదానికీ ఆమె తడబడలేదు. చివరికి అధికారి కలం పక్కన పెట్టాడు.

"మీరు ఎప్పుడో విడిపోయారనీ, వీసా కోసమే భార్యనని చెప్పుకుంటున్నారనీ మీ భర్త చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

"మీ భర్త."

ఆమె మళ్లీ అదే అడిగింది. అతను మళ్లీ అదే చెప్పాడు.

తర్వాత, కింది ఇంటావిడ ఎవరూ పిలవకుండానే వచ్చి ఇంకోలా చెప్పిందన్నాడు. భర్త వస్తున్నాడంటే హైయాన్ పొద్దున్నే వెళ్లి అతనికిష్టమైన చేప వెతికి తేవడం కళ్లారా చూశానందట. ఆ మాటల తేడా చూసే ఆఫీసువాళ్లు ఆమెను పిలిపించారు. ప్రస్తుతానికి ఆమె ఇక్కడే ఉండవచ్చు.

రైలు దిగి హైయాన్ పరుగులాంటి నడకతో వచ్చింది. కింది ఇంటికి తాళం. యూజెన్ ఆదివారమే సామాను ఎత్తేసిందనీ, ఎక్కడికో చెప్పలేదనీ పక్కింటివాళ్లన్నారు.

అక్కడే నిలబడి లిజున్‌కు ఫోన్ చేసింది.

అతను ఏమీ దాచలేదు. ఒసాకాలో ఇంకొకామె ఉందన్నాడు. హైయాన్‌ను ఊరికి పంపేస్తే విడాకులు తేలికవుతాయనుకున్నానన్నాడు.

హైయాన్ అతన్ని తిట్టలేదు. కింది ఇంటావిడ తన తరఫున సాక్ష్యం చెప్పిందని మాత్రం అంది.



"చెబుతుంది, ఎందుకు చెప్పదు," అన్నాడు లిజున్. "నేనీ దేశంలో అడుగుపెట్టిందే దాని మొగుడిగా."