జేబున్న సంచులు

"ఆగమ్మా! ఆ చంకలోవి కింద పెట్టు."

టీచరమ్మ కేకకు కొట్టు ముందున్న నలుగురూ తిరిగి చూశారు.

ముసలావిడ చంకలో మూడు గుడ్డ సంచులున్నాయి. చేతిలో అగ్గిపెట్టె.

"కొన్నది అగ్గిపెట్టె. దానికి మూడు సంచులా?"

"మళ్ళీ తెచ్చి పెడతానమ్మా."

"తెచ్చి పెట్టేవాళ్ళు ఇలా చంకలో దాచుకుపోరు."

టీచరమ్మ అంటే ఆ వీధికి హడల్. రిటైరయ్యాక బడి పోయింది గానీ బెత్తం పోలేదని వెనకాల నవ్వుకునేవాళ్ళు.

పోయిన వానల్లో వీధి చివరి మురుగుకాలువ ప్లాస్టిక్ కవర్లతో పూడిపోయి, నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. టీచరమ్మ ఫ్రిజ్ పాడైంది. కాలువలోకి దిగిన మున్సిపాలిటీ పనివాడొకడు పోయాడు.

నీళ్ళు తీశాక ఆవిడ వీధంతటినీ పోగేసింది. ఫ్రిజ్ గురించి పది నిమిషాలు మాట్లాడింది. పోయిన మనిషి గురించి "పాపం" అంది. ఆ తర్వాత పందెం పెట్టింది.

వంద రోజులు వీధిలోకి ఒక్క కవరు రాకూడదు. ఒక్కటి వచ్చినా లెక్క మళ్ళీ సున్నా నుంచే.

కొట్టు బయట ఒక పలక, దాని మీద రోజుల లెక్క. పక్కన కొక్కేలకు సంచులు. సంచి మర్చిపోయి వచ్చినవాళ్ళు ఒకటి తీసుకెళ్ళి, మర్నాడు తెచ్చి తగిలించాలి.

మొదటి వారం ముచ్చట చెప్పుకోకపోతేనే మేలు. ఇంటికి రెండు సంచులివ్వమంటే చిరిగిన దిండు గలీబులు తెచ్చారు మహానుభావులు. పైనుంచి ఉప్పు ప్యాకెట్టు వేస్తే కింద నుంచి రోడ్డు మీద పడేది.

ఆ తర్వాత ఓ ఉదయం కొట్టు తెరిచేసరికి కొక్కేలకు ఇరవై సంచులు వేలాడుతున్నాయి. వెలిసిన నీలం బట్ట, రెండు వరసల గట్టి కుట్టు. కొన్నిటికి జేబులు కూడా ఉన్నాయి.

సరుకుల చీటీ పెట్టుకోవడానికి జేబా, ఏం తెలివి అని టీచరమ్మ మురిసిపోయింది.

వాటిని ఆవిడే కుట్టించిందని వీధిలో అందరూ అనుకున్నారు. ఆవిడ కాదనలేదు.

ఇప్పుడా సంచుల మీద పరాయి చెయ్యి పడింది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

ముసలావిడ మూడింటినీ మళ్ళీ కొక్కేనికి తగిలించింది. ఒకదాని పట్టీని వేళ్ళతో తడిమి చూసింది.

"ఎన్ని రోజులైందమ్మా?" పలక వైపు చూస్తూ అడిగింది. చదువు రాదు కాబోలు.

"అరవై రెండు. నీలాంటివాళ్ళు తగులుకుంటే ఇంక వంద అయినట్టే, నా మొహం!"

"అవ్వాలమ్మా. వంద అవ్వాలి."

ఆ మాట అని, అగ్గిపెట్టె గుప్పిట్లో పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా పలక కింద అట్టముక్క వేలాడింది. 'బయటివాళ్ళు సంచులు ముట్టుకోరాదు.'

డెబ్బయ్యో రోజు దాటాక పట్టీలు తెగడం మొదలైంది. తెగినదాన్ని కుట్టిన నాథుడు లేడు. కొన్ని వంటగట్టు తుడవడానికి పోయాయి, కొన్ని ఎటు పోయాయో తెలీదు.

ఎనభై నాలుగో రోజు కాలం కాని కాలంలో జోరువాన. కొక్కేల మీద తెగిన సంచులు రెండే మిగిలాయి. కొట్టాయన ఎక్కడో దాచిన కవర్ల కట్ట విప్పాడు. తొమ్మిది మంది కవర్లు పట్టుకుని ఇంటికి పోయారు.

టీచరమ్మ పలక తుడిచి సున్నా వేసింది. కొట్టాయన వైపు తిరిగింది.

"అన్నాళ్ళు సరిపోయినవి ఇప్పుడెందుకు చాల్లేదయ్యా?"

కొట్టాయన తల గోక్కున్నాడు. "ఆ ముసలావిడ రావడం మానేసింది కదండీ. తెగినవే ఏరుకుని పోయేది. రెండ్రోజులకి కుట్టి తెచ్చి తగిలించేది."

"ఆ ముక్క ఆ రోజే చెప్పి ఏడవచ్చుగా!"

"మీరు గొంతు లేపాక మా నోరు పెగులుతుందా టీచరమ్మా?"

టీచరమ్మ అట్టముక్క పీకి పారేసింది. తెగిన సంచులు రెండూ తీసుకుని, ఇల్లెక్కడో కనుక్కుని బయల్దేరింది. తప్పయిపోయిందని ఎలా చెప్పాలో దారి పొడవునా కూడబలుక్కుంది. పాపం, ఎన్నడూ అలవాటు లేని పని.

నీళ్ళ ట్యాంకు వెనక వరస గదులు. చివరి గదికి తాళం వేసి ఉంది. పక్కగది ఆమె కుళాయి కింద గిన్నెలు తోముతోంది.

"కుట్టుమిషను అవ్వా? పోయి పది రోజులైందమ్మా. రెండ్రోజులు జ్వరం, అంతే."

టీచరమ్మ ఆ గడప మీదే కూలబడింది.

ఆమె చేతులు తుడుచుకుని తన గదిలోంచి ఒక మూట తెచ్చింది.

"మీ వీధికే కుట్టింది. వంద రోజులూ సరిపోవాలంది. పోయి ఇచ్చి రా అవ్వా అంటే, ముట్టుకోవద్దన్నారే అని వెనకాడింది."

మూటలో నాలుగు సంచులు. అదే నీలం, కానీ ఇంకా వెలవలేదు. ఆఖరిదానికి ఒక్క పట్టీయే పడింది. జేబు మీద నంబరు వేసిన బిళ్ళ అలాగే ఉంది.

టీచరమ్మ తన చేతిలోని పాత సంచి తిప్పి చూసింది. జేబు మీద సరిగ్గా అక్కడే రెండు చిల్లులున్నాయి.

"ఇవన్నీ తనే కుట్టానని ఒక్క మాట అనొచ్చుగా!"

"ఎవరి బట్టలో తెలిస్తే మీరు వాటిలో సరుకులు వేసుకోరని అవ్వ భయం."

"ఎవరివి?"

ఆమె ఆ బిళ్ళను బొటనవేలితో తుడిచింది.

"పోయిన వానల్లో మీ వీధి కాలువలో కవర్లు తియ్యడానికి దిగి, మళ్ళీ పైకి రాలేదే... ఆ అబ్బాయి మా అవ్వకు ఒక్కగానొక్క కొడుకమ్మా."