ఎర్రపూల తీగ

"ఎవడు పీకాడు? నా ఎర్రపూల తీగ ఎవడు పీకాడంట?"

కారు తలుపైనా వెయ్యకుండా వెర్నెల్ కంచె దగ్గరికి పరిగెత్తింది. హనీసకిల్ తీగ వేళ్లతో సహా లేచిపోయి, కట్టగా రోడ్డు పక్కన పడి ఉంది. పక్కింటి డెల్బర్ట్ పార పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వుతున్నాడు.

"నేనే, వెర్నెల్ గారూ! మీరు ఆర్లిస్ గారిని ఆస్పత్రికి తీసుకెళ్లి వచ్చేలోపు పని అయిపోవాలని. హనీసకిల్ పరాయి దేశపు కలుపు, చెట్ల గొంతు నులిమేస్తుందని మొన్న చర్చిలో మీరే చెప్పారుగా."

"అది తెల్లపూలది రా, దద్దమ్మా! జపాను నుంచి ఊడిపడింది అది. ఈ ఎర్రది మన జార్జియా మట్టిలో పుట్టింది!"

డెల్బర్ట్ మొహం మాడిపోయింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది పాపం.

"తెల్లదాన్ని కావాలనే వదిలేశానండీ. చిన్నప్పుడు మనమంతా పువ్వు తెంపి తేనె చప్పరించింది దానిదే కదా! అదే మనదనుకున్నా. ఎర్రదానికి వాసన కూడా లేదాయె."

"వాసన కోసమా నేను పెంచింది? పిట్ట కోసం రా!" వెర్నెల్ కారులో కూర్చున్న భర్త వైపు చెయ్యి చూపింది. "పక్షవాతం వచ్చినప్పట్నుంచీ ఆయనకి నోట మాట లేదు. కన్నబిడ్డలొచ్చి పిలిచినా మొహం తిప్పడు. ఆ పూల తేనె కోసం హమ్మింగ్‌బర్డ్ వచ్చి ఆడితే మాత్రం కిటికీలోంచి చూసి నవ్వుతాడు. మాకు మిగిలింది ఆ నవ్వొక్కటే. దాన్నీ పీకేశావు."

"మళ్లీ నాటేస్తానండీ..."

"నాటితే రేపే పూస్తుందా? వచ్చే వసంతానికి ఆయనుంటాడో లేదో!"

అంతలో బొటనవేలంత పిట్ట రానే వచ్చింది. పూలుండాల్సిన చోట గాల్లో నిలబడి, అటూ ఇటూ వెతికి, వెళ్లిపోయింది.

కారులో ఆర్లిస్ అంతా చూశాడు. ఆయన మొహం కందగడ్డలా ఎర్రబడింది, పెదవులు వణికాయి. వెర్నెల్ అటు పరిగెత్తింది.

"చూడకయ్యా, చూడకు..."

"గా... గాడిదా!"

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"ఎర్రది... మనది రా... గాడిదా!"

డెల్బర్ట్ చేతిలో పార జారిపోయింది. వెర్నెల్ కారు తలుపు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఆ పార తీసి మళ్లీ అతని చేతిలోనే పెట్టింది.

"పెరట్లో ఇంకో ఎర్రతీగ ఉంది డెల్బర్ట్. ఆయన చూస్తుండగా అదీ పీకెయ్!"