తోక మర్చిపోయిన దొంగ

పాంగ్ దెహాయ్ ఇంట్లో నకిలీ శిలాజం ఉందని ఎవరో ఉప్పందించారు. వినగానే పట్నం మ్యూజియంలోని ప్రొఫెసర్ చూ స్వయంగా జీపు వేసుకుని ఊళ్ళోకి వచ్చేసింది.

వెతికితే ఇటుకమంచం వెనక, గోనెసంచిలో దొరికింది. రాతిపలక మీద ఎలుకంత జంతువు, పళ్ళతో, పక్కటెముకలతో సహా. డైనోసార్ల కాళ్ళ కింద తిరిగిన మన పాలిచ్చే జాతి ముత్తవ్వల్లో ఒకటి. నిజమైతే నిధే. నకిలీ అయితే మాత్రం పాంగ్‌కి జైలు. మ్యూజియం తవ్వకాల్లో కూలిపనీ పోతుంది.

జిగురు కరిగించే మందును చూ దూదితో రాసింది. జిగురేమీ ఊడి రాలేదు. సూదితో గీకింది. రంగు రాలలేదు. దాంతో ఆమె అనుమానం ఇంకా పెరిగింది. చేసినవాడెవడో ఘటికుడే అనుకుంది.

"అచ్చం నేను కనిపెట్టినదాన్ని చూసే చెక్కావు. నా దాని తల ఎడమకి, నీ దాని తల కుడికి. అంతేగా నీ తెలివి?"

"నేను చెక్కడమేంటి టీచరమ్మా! నాకు ముల్లంగి కోయడమే సరిగ్గా రాదు."

"మరి తోకేది? దీనికి జానెడు తోక ఉండేదనీ, ఆ తోకతోనే చెట్లెక్కి బతికిందనీ లోకానికి చెప్పిందాన్ని నేను. కాపీ కొడుతూ తోక మర్చిపోతావా!"

పాంగ్ పలకని మళ్ళీ గోనెసంచిలో పెట్టబోయాడు.

"ఇలాంటి రాయి చీలితే రెండు పలకలవుతుంది. రెండింటి మీదా జంతువు ఉంటుంది. నీది నిజమైతే రెండో పలకేది?"

"మా నాన్న ఎప్పుడో అమ్మేశాడు."

"ఎవరికి?"

"పోయినాయన్ని ఇప్పుడెందుకు లాగుతారు? వదిలెయ్యండమ్మా."

"చూపిస్తావా, పోలీసుల్ని పిలవనా?"

తలుపు దగ్గర నిలబడ్డ పాంగ్ భార్యకి ఏడుపొచ్చేసింది. "చూపించెయ్యి! మీ నాన్న పరువు కోసం నువ్వు జైల్లో కూర్చుంటావా?"

పాంగ్ బరువుగా లేచాడు. పలకని ఒళ్ళో పెట్టుకుని జీపెక్కి దారి చెప్పసాగాడు. జీపు పట్నంలో మ్యూజియం ముందు ఆగేసరికి చూకి నవ్వాగలేదు.

"దొంగ తనంతట తనే మా ఇంటికొచ్చాడే!"

పాంగ్ పలకతో జీపు దిగాడు. లోపలికి నడిచి ఒక అద్దాలపెట్టె ముందు నిలబడ్డాడు. "దీని తాళం తియ్యండి టీచరమ్మా," అన్నాడు, ఆమె మొహం చూడలేక.

ఆమె పేరు చెక్కిన ఆ పెట్టెలోని పలకకు అతని పలకను ఆనిస్తే పన్నుకి పన్నూ, ఎముకకి ఎముకా అన్నీ సరిపోయాయి, ఆమెను ప్రొఫెసర్ని చేసిన జానెడు తోక తప్ప.